పదకొండు గంటల అంకె

నా చిన్నప్పుడు మా నాన్న సముద్రం లేని ఊళ్లో ఓడల చదువు చెప్పేవారు. ఎనభైల చివరి సంగతి. జూబ్లీహిల్స్ బండరాళ్ల మధ్య ఒక రెండంతస్తుల ఇల్లు అద్దెకు తీసుకుని, సరుకు ఓడల్లో ఆఫీసర్లు కాబోయే కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చే స్కూలు పెట్టారెవరో. అక్కడ నాన్న ఫిజిక్సు మాస్టారు. వెంగళరావు నగర్‌లో మా ఇరుగుపొరుగు వాళ్లు, "మాస్టారూ, మీ ఓడ ఇవాళ ఏ గుట్టెక్కిందండీ?" అని ఆటపట్టించేవారు. నాన్న నవ్వేసి స్కూటరు స్టార్ట్ చేసేవారు. నాకు మాత్రం చచ్చేంత సిగ్గుగా ఉండేది. అది అసలు సిగ్గే కాదని తర్వాత తెలిసింది.

ఆ ఎండాకాలం సెలవుల్లో అమ్మ పదో తరగతి పేపర్లు దిద్దడానికి వెళ్లేది. పదేళ్ల దాన్ని, ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక నాన్న నన్ను వెంట తీసుకెళ్లేవారు. స్కూలు డాబా మీద ఒక సిమెంటు తొట్టి ఉండేది. అందులో నీళ్లు నింపి, కిరాణా కొట్టు నుంచి తెప్పించిన కల్లుప్పు కలిపి, దాన్నే సముద్రం అనుకోమనేవారు. ఉప్పు నీళ్లలో ఓడ కాస్త పైకి తేలుతుంది, మంచినీళ్ల రేవులోకి వస్తే కిందికి దిగుతుంది, ఎంత దిగుతుందో చూసుకోకుండా సరుకెక్కిస్తే ప్రాణాల మీదికి వస్తుంది. అదీ పాఠం. పాలలో నీళ్లు కలిశాయేమో చూస్తారే, అలాంటి గాజు గొట్టమే తొట్టిలో తేలుతూ ఉండేది. గంటగంటకూ దాని మీది అంకె చూసి, కింద వరండాలో బల్ల మీదున్న రిజిస్టరులో రాయాలి. కుర్రాళ్లకు వంతులుండేవి. వంతులో ఉన్నవాడు మరొకరికి అప్పగించకుండా కదలకూడదు.

వాళ్లలో కరీంనగర్ వైపు నుంచి వచ్చిన ఒక అన్న ఉండేవాడు. నాకు తాడుతో ముడులు వేయడం నేర్పింది, ఆ గాజు గొట్టం మీద అంకె చదవడం నేర్పింది అతనే. ఒకరోజు అతని వంతు తొమ్మిది నుంచి ఒంటి గంట దాకా. ఊళ్లో వాళ్లమ్మకు ఆ పొద్దున్నే ఆపరేషను. ఎస్టీడీ బూత్‌కు వెళ్లి ఆస్పత్రికి ఫోన్ చేయాలి. తోటివాళ్లంతా మేడ మీద క్లాసులో ఉన్నారు. క్లాసు మధ్యలో మా నాన్నను కదిలించే ధైర్యం ఎవరికీ లేదు. పది గంటల అంకె రాసి నా దగ్గరికి వచ్చాడు. "పాపా, జర పదకొండుకు, పన్నెండుకు చూసి రాస్తవా? బూత్ కాడ లైన్ ఉంటది." నేను పెద్దదానిలా తలూపాను.

అతను అలా వెళ్లాడో లేదో, రెండిళ్ల అవతలి బంగళాలో షూటింగ్ అని కేకలు వినిపించాయి. ఒక్క నిమిషం చూసి వద్దామని పరుగెత్తాను. హీరోయిన్ మెట్లు దిగుతూ ఉత్తరం చదివి, చించి పారేయాలి. ఎన్నిసార్లు తీశారో లెక్క లేదు. చించిన ప్రతిసారీ ఎవరో కొత్త ఉత్తరం తెచ్చి ఆమె చేతికిచ్చేవారు. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. తిరిగొచ్చేసరికి గోడ గడియారం పన్నెండున్నర దాటింది.

మేడ మెట్లెక్కి చూసొచ్చినా సరిపోయేది. అదీ చేయలేదు. తొమ్మిది, పది గంటల అంకెలు చూసి, వాటికి కాస్త అటూ ఇటూగా పదకొండుకొకటి, పన్నెండుకొకటి రాసేశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. అన్న వచ్చి, వాళ్లమ్మ క్షేమమేనని చెప్పి, నా చేతిలో నాలుగు నిమ్మతొన బిళ్లలు పెట్టాడు. అవి తిన్నాను కూడా.

ఒంటి గంటకు క్లాసు వదిలి నాన్న కిందికి వచ్చారు. చేతిలో ఆ గాజు గొట్టం. పదిన్నరకే తొట్టిలోంచి తీసి క్లాసులో చూపించడానికి పట్టుకెళ్లారట. రిజిస్టరు తిప్పి చూశారు. "ఇది రెండున్నర గంటలుగా నా బల్ల మీదే ఉంది. ఈ పదకొండు గంటల అంకె ఎక్కడి నుంచి వచ్చిందండీ?" నాన్న కుర్రాళ్లను అండీ అన్నారంటే కోపం నషాళానికంటిందన్నమాట. అన్న నావైపు ఒక్కసారి చూశాడు. తర్వాత తల దించుకుని, "నేనే రాసిన సార్. తప్పయింది" అన్నాడు.

నాన్న ఎర్ర సిరాతో ఆ అంకెల పక్కన, ఈ విద్యార్థి నమ్మదగినవాడు కాదని రాశారు. నెల తిరిగితే ఓడల కంపెనీ వాళ్లు వచ్చి కుర్రాళ్లను ఎంచుకుంటారు, ఆ రిజిస్టరు కూడా చూస్తారు. అన్న పేరు వాళ్లకు పంపేది లేదని అందరి ముందూ చెప్పేశారు. అన్న కుళాయి దగ్గర ముఖం కడుక్కుంటుంటే వెళ్లి నిలబడ్డాను. "నువ్వేం చెప్పకు పాపా. చిన్నపిల్లకు అప్పజెప్పి పోయిన, తప్పు నాదే" అన్నాడు. ఆ మాట వినగానే నాకు ఏమనిపించాలి? హాయిగా అనిపించింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నిజంగా హాయిగా అనిపించింది. సాయంత్రం స్కూటరు మీద నాన్న, "మంచి కుర్రాడనుకున్నానమ్మా" అన్నారు. నేను ఆయన నడుం పట్టుకుని కూర్చున్నాను.

మర్నాడు నాన్న పైకి వెళ్లగానే ఇంకు రబ్బరు తీసి ఆ అంకెలు రుద్దడం మొదలుపెట్టాను. అంకెలు లేకపోతే తప్పే ఉండదనుకున్నాను. పన్నెండు గంటల అంకె అలాగే ఉంది. పదకొండు దగ్గర కాగితానికి చిల్లు పడింది. తలెత్తితే ఎదురుగా నాన్న. ఇక ఏడుపు, ఏడుపులోనే అంతా కక్కేశాను.

కొట్టలేదు. కుర్రాళ్లందరినీ పిలిచారు. స్కేలు పెట్టి, మిగిలిన నా అంకె మీద సన్నటి గీత ఒకటి గీయించి, పక్కన "చూడలేదు" అని నా చేత రాయించి సంతకం పెట్టించారు. "ఓడలో రాసే పుస్తకంలో దేన్నీ చెరపకూడదమ్మా. తప్పు రాస్తే ఒక్క గీత కొట్టి సంతకం పెట్టాలి. కింద ఏం రాశామో కనబడుతూనే ఉండాలి" అన్నారు. తర్వాత అదే స్కేలుతో తన ఎర్ర అక్షరాల మీదా గీత గీసి తన సంతకం చేశారు. "కోపంలో చేతిరాత కూడా చూడలేదు. ఎందుకని అడక్కుండా రాశాను. క్షమించు బాబూ" అన్నారు. అంతమందిలో మా నాన్న క్షమాపణ అడిగారు, నా మూలంగా. అసలు సిగ్గంటే ఏమిటో అప్పుడు తెలిసింది. అన్న కంగారుపడి, "అయ్యో సార్, గట్ల అనకుండ్రి" అంటూ ఆయన చేతులు పట్టుకున్నాడు. వంతు వదిలి వెళ్లినందుకు మాత్రం నాన్న అతని చేత వారం రోజులు రెండు వంతులు చేయించారు.

అన్న పేరు కంపెనీకి వెళ్లింది. ఆ ఏడు తీసుకోలేదు, మరుసటేడు ఓడెక్కాడు. ఆ చిల్లు పడిన పేజీ వల్లే ఆలస్యమైందా అని నేను ఎవరినీ అడగలేదు. అడిగితే ఏం చెబుతారోనని భయం. ఇప్పుడు అడగడానికి నాన్న లేరు.

ఈ సంగతి మా పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను, ఈమధ్య మేనకోడలికీ చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఒకచోట మార్చాను. రబ్బరు సంగతి ఎత్తకుండా, నేనే ఏడుస్తూ వెళ్లి నాన్న దగ్గర ఒప్పుకున్నానని చెప్పాను. వాళ్లు మెచ్చుకుంటే కిమ్మనకుండా ఆ మెప్పు పుచ్చుకున్నాను. ఇవాళ ఆ మాట మీద గీత కొడుతున్నాను. నేను ఒప్పుకోలేదు, దొరికిపోయాను. నాన్న పది నిమిషాలు ఆలస్యంగా దిగి వచ్చి ఉంటే, ఎప్పటికీ చెప్పి ఉండేదాన్ని కాదు.