గులాబీ పాదుల్లో మగదుప్పి

1984 అక్టోబరులో నేను గల్ఫ్‌లోని ఖోర్ ఫక్కాన్ ఊరి వెనక కొండల్లో, ఒక షేక్ గారి సొంత జంతువనంలో పశువైద్యుడిగా ఉన్నాను. చలిదేశాల నుంచి తెప్పించిన ఎల్క్ అనే భారీ దుప్పులు అక్కడ ఉండేవి. వాటిని ఆ ఎండల్లో పెంచాలన్న ముచ్చట ఎవరిదో గాని, చాకిరీ మాత్రం నాది.

ఒక మగదుప్పి కంచెకు కొమ్ములు రాస్తూ మెడకు తీగ చుట్టుకుంది. జతకట్టే కాలంలో మగవాటి మెడ లావెక్కుతుంది. తీగ రోజురోజుకూ లోపలికి కోసుకుపోతోంది. మేత మానేసింది. తీయకపోతే చస్తుంది, తరిమి పట్టుకుంటే వేడికి గుండె ఆగి చస్తుంది. మిగిలింది మత్తుసూది తుపాకీ. దానికి జంతువు బాగా దగ్గరికి రావాలి. ఆ కాలంలో మగదుప్పి బురదగుంటలో ఉచ్చ పోసి అందులోనే పొర్లుతుంది. ఆ కంపే దాని దర్జా. అందుకే గుంట పక్కన పొదల్లో దాక్కుని, నోటితో ఊదే చిన్న పీకతో ఆడదుప్పిలా కూసి రప్పించాలి. గుంటను ఎవరూ ముట్టుకోవద్దని అందరికీ చెప్పాను.

మర్నాడు పొద్దున్నే వెళ్తే గుంట లేదు! పూడ్చి, ఇసుక పోసి, పైన పన్నీరు కూడా చల్లారు. నాకు ఒళ్లు మండిపోయింది. తోటపని చూసే జగిత్యాల గంగరాజాన్ని నిలదీశాను.

“సారూ, సాయంత్రం షేక్ సాబ్ అస్తుండట. వాసనస్తుంది, సాఫ్ జెయ్యుండ్రి అన్నడు ముదీర్,” అన్నాడు. ముదీర్ అంటే మా మేనేజరు. “గంత మంచి మన్ను ఎవలన్న పారబోస్తరా? గులాబి చెట్లకేసిన.”

చేసేది లేక అక్కడే కూర్చుని కూశాను. దూరం నుంచి దుప్పి బదులు పలికింది. మళ్లీ కూశాను. వస్తున్న అలికిడి వినబడింది. తీరా పొదల దాకా వచ్చి, గాలి వాసన చూసి, వనంలోనే ఉన్న షేక్ గారి అతిథిగృహం వైపు తిరిగిపోయింది. తుపాకీ పట్టుకుని వెనకాలే పరుగెత్తాను.

అతిథిగృహం ముందు, గుంట మన్ను పోసిన గులాబీ పాదుల్లో దుప్పి హాయిగా పొర్లుతోంది. ముదీర్ మెట్లమీద నిలబడి చప్పట్లు కొడుతూ “యల్లా! యల్లా!” అని అదిలిస్తున్నాడు. మత్తు ఎక్కాలంటే చప్పుడు ఉండకూడదు. ఉంటే సగం మత్తులో లేచి కుమ్ముతుంది. ఆయన్ని ఏ భాషలో తిట్టానో నాకే తెలియదు, నోరు మాత్రం మూశాడు.

సూది తొడలో దిగింది. కాసేపటికి దుప్పి తూలి గులాబీల మీదే ఒరిగింది. కళ్లకు కట్టే గుడ్డ గుంట దగ్గరే ఉండిపోవడంతో ముదీర్ తలగుడ్డ అడిగి కట్టాను. పొట్ట ఉబ్బకుండా గంగరాజం దాన్ని పక్కకు ఒరగనీయకుండా, దాని రొమ్ము నేలకు ఆనేలా పట్టుకున్నాడు. నేను తీగ కత్తిరించి పుండు కడిగాను.

“డాక్టర్, గులాబ్ ఖలాస్!” అన్నాడు ముదీర్, ఏడుపు గొంతుతో.

“మల్ల మొలుస్తయి, మన్ను మంచిది,” అని గంగరాజం ఓదార్చాడు.

సాయంత్రానికి దుప్పి మేత ముట్టింది.

కూత జంతువును కదిలిస్తుందే గాని, ఎక్కడ ఆగాలో దానికి చెప్పేది ముక్కే. అప్పటి నుంచి రిటైరయ్యే దాకా, తుపాకీ పెట్టె తెరిచే ముందు ఆ చోట శుభ్రం చేస్తానని చీపురు పట్టిందెవరో కనుక్కునేవాణ్ణి.