ఏమీ రాదని రాసిన మనిషి

మా ఎదురింటి తమ్ముడు ఇరవై రెండేళ్లు బట్టల మిల్లులో యంత్రాలకు నూనె వేశాడు. విదేశీ బట్ట చవగ్గా దిగాక మిల్లు మూతపడింది. అలా పని పోయినవాళ్లకు ప్రభుత్వం మరమ్మతు పని నేర్పి, నేర్చుకున్నన్నాళ్లూ భత్యం ఇస్తుందట. సీట్లు ముప్పై, వచ్చినవాళ్లు మూడొందలు.

దరఖాస్తు ఇవ్వడానికి వెళ్తుంటే పిలవకపోయినా వెంట వెళ్లాను. వరసలో అతని భుజం మీదుగా తొంగిచూశాను. తెలిసిన పని అన్న చోట "ఏమీ రాదు" అని రాశాడు.

"ఓరి నీ అమాయకత్వం తగలెయ్య! ఇలా రాస్తే సీటిస్తారట్రా?"

"నిజమే కదక్కా. బాగుచేసేది మేస్త్రీలు. చప్పుడు విని ఏది చెడబోతోందో చెప్పేవాణ్ణి, అంతే."

"అంతేనా? మా మోటారు కాలిపోతుందని వారం ముందే చెప్పింది నువ్వు కాదూ?"

కాగితం లాక్కుని చప్పుడు వింటే ఏది చెడబోతోందో చెబుతాడని నా కోడిగీతల రాతతో రాసిచ్చాను. దరఖాస్తులు తీసుకుంటున్న అధికారిణి చదివి, "ఇదెవరి రాత?" అని అడిగింది.

"మా అక్కదండీ. చెవులు నావి, నోరు ఆవిడది."

ఆమె నవ్వి, సీటు ఖాయం చేస్తూ ముద్ర వేసింది. సోమవారం నుంచి తరగతులు.

తిరిగొస్తూ, "అక్కా, మీ ఫ్రిజ్జు రెండ్రోజులుగా మూలుగుతోంది, చూపించుకోండి," అన్నాడు. వీధిలో అందరి సంగతులూ తెలిసిన నాకు ఆ మూలుగు వినపడనే లేదు.