బోండాల బాణలిలో పళ్ళ చక్రం

ఆఖరి రోజు పొద్దున కంబన్న తిత్తి కుట్టాడు. కొలిమికి గాలి కొట్టే ఆ తోలు తిత్తికి మడత దగ్గర వేలెడు చిరుగు పడింది. గడప ముందు నీడలో కాళ్ళు చాపుకొని, మైనం పూసిన దారంతో పదకొండు కుట్లు వేశాడు. మళ్ళీ లోపలికి తీసుకుపోయి గోడవారకు నెట్టి, రెండుసార్లు నొక్కి చూసుకున్నాడు. "ఇంక రెండేండ్లు దీని దిక్కు చూడబన్లే" అని మజ్జిగ అడిగాడు. భార్య హులిగెమ్మ ముంత తెచ్చేసరికి గోడకు ఆనుకొని ఉన్నాడు. ముంతకు చెయ్యి చాపలేదు.

దినాలకు వచ్చినవాళ్ళెవరూ తిత్తి గురించి మాట్లాడలేదు. అందరూ బోండాల బాణలి గురించే చెప్పారు. ఆ కథ ఎవరి నోట విన్నా హులిగెమ్మ తల వంచుకొనే వింది.

కంబన్న అసలు పని బండిచక్రాలకు ఇనుప కట్టు వెయ్యడం. కర్రచక్రం కన్నా కట్టును కొంచెం చిన్నదిగా చేసి, పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టుకార్లతో ఎత్తి చక్రం మీద దించుతారు. కాకకు సాగిన కట్టు సులువుగా దిగుతుంది. మరుక్షణం నీళ్ళు పడాలి. లేకుంటే కర్ర కాలిపోతుంది. నీళ్ళు పడగానే కట్టు బుస్సుమంటూ ముడుచుకొని చక్రాన్ని కరిచి పట్టుకుంటుంది. ఆ నీళ్ళు పోసేది హులిగెమ్మ. కాపురానికి వచ్చిన యేడు నుంచి ముప్పై ఏళ్ళకు పైగా ఆమే పోసింది. కంబన్న 'ఊ' అనకముందే కడవ వంగేది. అహోబిలం తిరునాళ్ళకు ముందు నల్లమల రాళ్ళదారికి భయపడి బండ్లన్నీ వాళ్ళ గడప ముందు నిలిచేవి. "దించేది కంబన్న, బిగించేది హులిగెమ్మ" అని బండ్లవాళ్ళు నవ్వితే ఆమె విననట్టు పోయి ఇంకో కడవ ముంచుకొచ్చేది. కానీ వినేది.

యుద్ధం నాటి రోజుల్లో, ఊరికి కరెంటు వచ్చిన రెండో యేడు, సాలెవాళ్ళ సంఘానికి మద్రాసు నుంచి ఒక చిన్న మోటారు వచ్చింది. నూలు కండెలు చుట్టే యంత్రాన్ని గొలుసుతో తిప్పడానికి దాన్ని తెప్పించారు. ఎనిమిది నెలలు ఎదురుచూస్తే వచ్చిన మోటారు. దాని ఇరుసుకు తొడగవలసిన పళ్ళ చక్రం పోత ఇనుముది, ఒక్కటే వచ్చింది. ఇంకోటి కావాలంటే యుద్ధం ముగియాలన్నారు.

చక్రం రంధ్రం వెంట్రుకవాసి బిగువు. మిషను వర్క్‌షాపులో పని నేర్చుకున్న ప్రకాశం కొయ్యసుత్తితో రెండు దెబ్బలు వేశాడు, ఎక్కలేదు. ఇనుప సుత్తి అందుకొని ఇంకోటి వేశాడు. తలుపు కీలు ఇచ్చిపోదామని వచ్చిన కంబన్న అక్కడే నిలబడి ఉన్నాడు. ముందుకు వంగి మోటారు ఇరుసును వేళ్ళతో మెల్లగా తిప్పి చూశాడు.

"ఇంకో దెబ్బ ఎయ్యొద్దు నాయనా. లోపల బేరింగు గుండ్లు ఏడుస్తాండాయి."

సంఘం పెద్ద చిన్న ఈరన్న గాబరాపడ్డాడు. "కొట్టకుండా ఎట్లెక్కుతాదప్పా మరి?"

"బండి కట్టు ఎట్లెక్కుతాదో అట్లే. కాంచి దించల్ల."

ప్రకాశం నవ్వాడు. "మామా, ఇది ఎద్దులబండి గాదు, కరెంటు మోటారు."

"మోటారు నీది. చక్రం నాది."

"వంకరగా పట్టుకున్న్యాదంటే?"

"పట్టుకున్న్యాదంటే ఇంక ఊడదు. మోటారూ పాయ, చక్రమూ పాయ." కంబన్న దాచలేదు. "శుక్రారం దాకా ముట్టకుండా పెట్టుకోండి. తప్పిందంటే నేను కొలిమి మూసేస్తా."

ఈ మాట భర్త నోట కాదు, నీళ్ళ దగ్గర ఆడవాళ్ళ నోట విన్నది హులిగెమ్మ. ఇంటికి వచ్చి కడవ దభీమని దించింది.

"ఎవురడిగిరి నిన్ను? వాళ్ళ మోటారు, వాళ్ళ సుత్తి. మన కొలిమి ఎందుకు పందెం కట్టాల?"

"చెడగొడతాంటే చూడలేకపోతి" అన్నాడు అంతే.

ఆ మూడు రోజులు కంబన్న కొలిమి తలుపు లోపల గడియ పెట్టుకున్నాడు. బండ్లవాళ్ళను తిప్పి పంపమన్నాడు. అన్నం గడప దగ్గర పెట్టి పొమ్మన్నాడు. లోపల ఆకురాయి గీకుడు వినిపించేది, తరువాత చాలాసేపు ఏమీ వినిపించేది కాదు.

"ఏం చేస్తాండావయ్యా లోపల?"

"కూసోనుండా."

పనిమంతుడన్న పొగరు, పందెం నెత్తి మీద ఉన్నా కూర్చుని ఉండగలడు అనుకుంది హులిగెమ్మ. బుధవారం సాయంత్రం ఒక్కసారి తలుపు సందులోంచి చెయ్యి బయటికి వచ్చింది. "చెంబెడు నీళ్ళియ్యి." ఇచ్చింది. ఖాళీ చెంబు గడప మీదికి వచ్చింది.

గురువారం అన్నం పెడుతూ అడిగింది. "రేపు ఎన్ని కడవలు తేవల్ల?"

"వద్దు. నువ్వు రాబన్లే."

"యాల?"

"నీళ్ళతో పని లేదు."

ముప్పై ఏళ్ళలో ఆ మాట అతని నోట రావడం అదే మొదలు.

అయినా శుక్రవారం పోయింది. సంఘం కొట్టం ముందు మూడు రాళ్ళ మీద బోండాలమ్మే లక్ష్మక్క బాణలి, నిండా శనగనూనె. నేరుగా మంటలో పెడితే ఒక పక్క కాలి ఒక పక్క కాలదు, నూనెలో అయితే కాక చుట్టూ సమంగా ఎక్కుతుందని కంబన్న చెప్పాడు. ఇనుప తీగకు కట్టి చక్రాన్ని నూనెలోకి వదిలాడు.

"ఏమప్పా, ఉప్పు ఎయ్యల్లనా?" అని లక్ష్మక్క అడిగితే అందరూ నవ్వారు.

"ఉప్పొద్దు గాని, బోండా ఏగే కాక ఎంతో చెప్పక్కా."

"ఇదిగో, వచ్చె."

"అయితే ఇంకొంచెం కానీ."

నూనె మీద సన్నని పొగ లేచింది. కంబన్న తీగను ఎత్తి, పట్టుకారుతో చక్రాన్ని అందుకొని గుడ్డతో ఒక్కసారి తుడిచాడు. ఇరుసు మీద ఒక సన్నని గాడి, చక్రం రంధ్రంలో ఒక గాడి ఉన్నాయి. రెండూ ఎదురెదురు పడాలి, చక్రం ఎటూ ఒరగకూడదు. మూడు ఊపిర్లలోపు జరిగిపోవాలి. నవ్వులు ఆగిపోయాయి. వెనుక నిలబడిన హులిగెమ్మకు ఉత్త చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

కంబన్న చక్రాన్ని తొడిగాడు. నెట్టినట్టు కూడా కనిపించలేదు. టక్ మని చిన్న చప్పుడయింది. పళ్ళ చక్రం ఇరుసు మెట్టుకు ఆనుకొని నిటారుగా నిలిచింది.

"పడె! అత్తా, ఇంగ నీళ్ళు పొయ్!" అని ప్రకాశం సంబరంగా అరిచాడు.

"వద్దు!"

కంబన్న గొంతు అంత గట్టిగా లేవడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఆమె చేతిలో కడవే లేదు. అయినా అందరూ ఆమె వైపు చూశారు.

చల్లారాక గాడిలో బిగింపుకు పెట్టే ఇనుప బిళ్ళ సుత్తితో కొట్టకుండానే దిగింది. గొలుసు తగిలించి మీట నొక్కితే కండెలు తిరిగాయి. "ఒక్క దెబ్బ లేదు, ఒక్క తూరికే! పుట్టుకతో వచ్చిన చెయ్యి" అన్నాడు చిన్న ఈరన్న. ఆ మాట నందికొట్కూరు సంత దాకా పోయింది. కంబన్న కాదనలేదు, అవుననలేదు.

ఆ తరువాత కూడా బండి కట్లకు హులిగెమ్మ నీళ్ళు పోసింది. కానీ అతను 'ఊ' అనేదాకా కడవ వంచేది కాదు. కంబన్న గమనించాడు. రెండుమూడుసార్లు కట్టు దించి, ఆమె ముఖం చూసి, ఏదో చెప్పబోయి, 'ఊ' అని ఊరుకున్నాడు. అతను పోయేదాకా నాలుగేళ్ళు అలాగే గడిచాయి.

దినాలయ్యాక కొలిమి సామాను ప్రకాశానికి ఇస్తానంది. అతను వచ్చి తిత్తిని గోడవార నుంచి లాగాడు. దాని వెనుక గోనెసంచిలో చుట్టిన ఇనుపకడ్డీ ఒకటి దొర్లింది. ప్రకాశం దాన్ని వెలుగులోకి తెచ్చి చాలాసేపు తిప్పి చూశాడు.

"అత్తా, ఇది మోటారు ఇరుసు లావు ఉండాది. సరిగ్గా అంతకే ఆకురాయి పట్టినాడు."

కడ్డీ మీద ఏడు ఉంగరాలు ఉన్నాయి. పాత బండ్ల ఇరుసులకు తొడిగే పోత ఇనుప గొట్టాలను కోసి చేసినవి. మొదటి ఐదూ వంకరగా, ఎక్కడివక్కడ కరుచుకొని ఉండిపోయాయి. వాటి అంచుల మీద ఊడదీయబోయి ఊడక వదిలేసిన గాట్లున్నాయి. ఏడోది నిటారుగా, చెక్కు చెదరకుండా ఉంది.

"ఒక్క తూరికే ఎక్కిచ్చినాడంటిమే" అన్నాడు ప్రకాశం మెల్లగా. తరువాత ఆరో ఉంగరం మీద వేలు పెట్టాడు. అది కూడా నిటారుగానే దిగింది. కానీ పైనుంచి కింది దాకా చీలి ఉంది. "ఇది బాగనే పడిండాది. కాక మీద ఉండంగనే నీళ్ళు పోసినట్టుండాడు, అలవాటు గదా. పోత ఇనుము ఓర్చుకోదు. ఇట్లే చీల్తాది."

హులిగెమ్మ ఆ చీలిక మీద బొటనవేలు పెట్టి, కొలిమి తలుపు వైపు చూసింది.

ఆ బుధవారం సాయంత్రం తీసుకున్న చెంబెడు నీళ్ళు అతను తాగలేదు.