నాన్న గుండె మీద పక్కింటి మామ చేతులు

నా చిన్నప్పుడు చాంపియన్ రీఫ్స్ బంగారు గని కార్మికుల ఇళ్ల లైన్లలో, ఒకే గది ఇంట్లో, నాన్నా నేనూ ఇద్దరమే ఉండేవాళ్లం. గనులు సర్కారు చేతికి వచ్చి కొన్నేళ్లయింది. అమ్మ నాకు ఊహ తెలియకముందే పోయింది. బంధువుల రాకపోకలు అంతంతమాత్రం. నాన్నది గుండె జబ్బు. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆయనకు ఏమైనా అయితే నాకంటూ ఎవరూ ఉండరన్న సంగతి ఎనిమిదేళ్లకే నాకు బాగా తెలుసు.

పక్కింటి మామ గని అడుగున నీళ్లు తోడే పంపు దగ్గర పనిచేసేవాడు. షిఫ్టు ముగిసినా, మారు మనిషి వచ్చి నిలబడేదాకా పంపు వదలకూడదని అక్కడ నియమం. గనిలో ప్రథమ చికిత్స నేర్చుకున్న కొద్దిమందిలో ఆయనొకడు.

ఒక ఆదివారం పొద్దున నాన్న గడప దగ్గర కుప్పకూలాడు. మామ పరుగున వచ్చి, మెడ దగ్గర నాడి చూసి, రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి రొమ్ము మీద ఒత్తడం మొదలుపెట్టాడు. ఎముక ఒకటి పటుక్కుమంది. నాన్నను చంపేస్తున్నాడనుకుని నేను మామ ముంజేయి కొరికేశాను. ఆయన కసరలేదు, చెయ్యి తీయలేదు. పోయిన మనిషిని అలా కుమ్ముతాడేమని చుట్టూ చేరినవాళ్లు గొణిగారు. నేను వెనక్కి జరిగి గోడకు అతుక్కుపోయాను.

“గుండె కూడా పంపేనమ్మా. అది నిలిచిపోతే మనమే పైనుంచి ఒత్తి నెత్తురు తోలాల. ఇంగొకరు వచ్చి చెయ్యి పెట్టేదాకా వదలగూడదు. నువ్వు గట్టిగా లెక్క పెట్టు, లేకుంటే నా చెయ్యి తప్పిపోతాది” అన్నాడు మామ.

లెక్కల్లో నేను మొద్దును. టీచరమ్మ చెవి మెలిపెట్టని రోజు లేదు. అయినా ఏడుస్తూనే అరిచాను. యాభై తొమ్మిది తర్వాత డెబ్బై అన్నాను. మామ చెమటలు కారుతున్నా ఒత్తుతూనే ఉన్నాడు. ఆసుపత్రి బండి వచ్చి, అందులోని మనిషి చేతులు పెట్టాకే లేచాడు. నాన్న మాత్రం తిరిగి రాలేదు.

నన్ను బేతమంగళ దగ్గర ఒక పల్లెలో ఉన్న దూరపు చుట్టాల ఇంటికి పంపారు. అన్నానికి లోటు చేయలేదు, అబద్ధం ఆడను. కానీ నాతో కూర్చుని మాట్లాడే తీరిక ఎవరికీ లేదు. నేను లెక్క తప్పినందుకే నాన్న పోయాడన్న మాట ఎవరితో చెప్పుకోను? పెళ్లయ్యేదాకా ఆ మాటను కడుపులో పెట్టుకునే తిరిగాను.

ఆ తర్వాత ఒకసారి వెళ్లి మామను అడిగేశాను.

“నీ లెక్కకు నేను ఒత్తలేదమ్మా. నా చేతులకు అది అలవాటే. నువ్వు ఒక్కదానివే గోడకానుకుని చూస్తా ఉంటివి. చూడలేక నీకొక పని చెప్పినాను” అన్నాడు.

బస్సులో ఇంటిదాకా ఏడ్చాను. బరువు దిగింది, నాన్న లేని లోటు మాత్రం అలాగే ఉంది. ఇప్పటికీ ఎవరింట్లో కష్టమొచ్చినా, రోగి కంటే ముందు నా కళ్లు ఒంటరిగా ఓ మూల నిలబడ్డ మనిషిని వెతుకుతాయి. విసనకర్రో, నీళ్ల చెంబో చేతికిచ్చి ఏదో ఒక పని చెప్తాను. వాళ్లు తప్పుగా చేసినా దిద్దను.