ఖాసిం సాబ్ ముక్కు

మొన్న మా అంగడికి ఒక కంపెనీ మనిషి వచ్చి, బొటనవేలంత సీసా మూత తీసి నా ముక్కు కింద పెట్టాడు. "గంజాయి ఆకులో ఉండే వాసన పదార్థాలు మాత్రమే సార్. టెర్పీన్లు అంటారు. మత్తు చుక్క కూడా ఉండదు. మనసుకు ప్రశాంతత, కమ్మని నిద్ర" అన్నాడు. ముందు నిమ్మతొక్క తగిలింది, వెనకాలే మిరియాల ఘాటు, ఆ తరవాత అప్పుడే తుంచిన మామిడికాయ సొన. ధరెంతని అడగడం మరిచిపోయాను. బుద్ధెరిగాక నేను ధర అడగడం మరిచిపోయింది అదే మొదటిసారి. కువైట్‌లో, ఫహాహీల్ బజారులో అత్తర్ల అంగడి నడిపిన ఖాసిం సాబ్ వచ్చి నా పక్కన నిలబడ్డట్టయింది.

ఆయనది రాయచోటి, నాది ప్రొద్దుటూరు. మా నాన్న, చిన్నాన్నలు, మేనమామలు అందరూ అంగళ్లవాళ్లే. మాటలు సరిగ్గా రాకముందే నాకు బేరం వచ్చిందని మా అమ్మ అనేది. సాబ్ దగ్గర పనికి చేరిన వారానికే ఆయన సరుకు ఆయనకన్నా నేనే బాగా అమ్ముతానని నాకు నేనే కితాబిచ్చుకున్నాను. ఒకరోజు ఒకావిడకు లావెండర్ తైలం ఇస్తూ, "దిండు మీద రెండు చుక్కలేస్తే తెల్లారేదాకా మెలకువే రాదు" అన్నాను. ఆవిడ మెట్లు దిగాక సాబ్ అడిగాడు: "నువ్వు చూసినావా శెట్టీ?" "అందరూ అనేదే కద సాబ్!" "అయితే అంటారని చెప్పు. కొందరికి పట్టినాదంట, కొందరికి పట్టలేదంట. మనకు తెల్సింది అంతే." అలా చెబితే సగం మంది కొనరని నా బాధ. ఆయన వినేవాడు కాదు. మధ్యాహ్నాలు అంగడి ఖాళీగా ఉన్నప్పుడు నా కళ్లకు తువ్వాలు కట్టి ఒక్కో సీసా వాసన చూపించేవాడు. "దేవుడు వాసనలు శానా చేయలేదబ్బీ. మిరియాల్లో పెట్టిందే లవంగంలోనూ పెట్టినాడు. గంజాయాకులో మాత్రం కొత్తదేముంది? అవే మిరియాలు, నిమ్మతొక్క, మామిడి సొన, కొంచెం లావెండరు. మత్తు వేరే. దానికి వాసన లేదు."

ఆ పాఠాన్ని నేను ఎలా వాడుకున్నానో చెప్పాలి. అది తొంభయ్యో సంవత్సరం, ఇరాక్ సైన్యం కువైట్‌ను ఆక్రమించి నెల దాటింది. అంగడి పైగదిలో ఆరుగురం మనవాళ్లం, బియ్యం అడుగంటాయి. ఆ రోజు సాబ్ జ్వరంతో ఉన్న ఒక ఊరివాణ్ణి చూడటానికి పక్కనున్న అబూ హలీఫా పేటకు వెళ్లాడు. సగం దించిన షట్టర్ కిందనుంచి ఒక సైనికుడు లోపలికొచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. నిద్రపట్టడం లేదట. "హషీష్ ఉందా?" అన్నాడు, గంజాయి సరుకుకు వాళ్ల మాట. లేదని పంపేస్తే సరిపోయేది. నాలోని అంగడివాడు ఊరుకుంటేగా! మిరియాల తైలం, నిమ్మతైలం, మామిడి సొనకు బదులు నిమ్మగడ్డి, లావెండర్ కలిపి చేతికిచ్చాను. హషీష్ సారమనీ, దిండుకు రాస్తే భయం కూడా పోతుందనీ వచ్చీరాని అరబ్బీలో చెప్పాను. బియ్యం మూట అడిగాను, బేరమాడి రెండు పాలపొడి డబ్బాలు కూడా రాబట్టాను. తుపాకీ పట్టుకున్నవాడితో బేరమాడి నెగ్గానని పైగదిలో ఒకటే గొప్పలు. మర్నాడు అతనే మళ్లీ వచ్చాడు. నిద్ర పట్టిందట! నా రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుని, వెంట తెచ్చిన ఇద్దరు స్నేహితులకూ ఇప్పించాడు. వాళ్లకు తలనొప్పి తప్ప ఏమీ రాలేదని తరవాత తెలిసింది.

ఆ మర్నాడు వాళ్ల అధికారి వచ్చాడు. తన మనుషుల కాలర్ల దగ్గర హషీష్ వాసన పట్టాడు. సీసా బల్లమీద పెట్టి, ఇది ఎవరు చేశారని అడిగాడు. అబూ హలీఫా నుంచి అప్పుడే తిరిగొచ్చి, సంగతేమీ తెలియని సాబ్ సీసా తీసుకుని, మూత తిప్పి, ఒక్కసారి వాసన చూశాడు. నావైపు తిరిగి తెలుగులో, మామూలుగా, "మిరియాలు ఎక్కువేసినావు శెట్టీ" అన్నాడు. తరవాత అధికారితో అరబ్బీలో, "నేనే చేశాను. ఇందులో హషీష్ లేదు" అన్నాడు. మొదటి మాట నమ్మారు, రెండోది నమ్మలేదు. "యల్లా, నడువు" అంటూ ఆయన్ను జీపెక్కించారు. నేను నోరు తెరవలేదు.

తొమ్మిదో రోజు నడుచుకుంటూ వచ్చాడు. ముఖం వాచి ఉంది, ముక్కు ఎముక లోపలికి దిగిపోయింది. ఏం చేశారని అడిగితే, "ఖలాస్, అయిపాయ" అన్నాడు. సాయంత్రం ఆయనకోసం పాలపొడి కలిపి పొయ్యిమీద పెట్టి, నీళ్లకని కిందికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి మెట్లదాకా మాడు వాసన. పొయ్యికి జానెడు దూరంలో, దానికి వీపు పెట్టి కూర్చున్నాడు సాబ్. నేను పరుగెత్తుకొస్తుంటే, "ఏమైందబ్బీ?" అన్నాడు. "పాలు మాడినాయి సాబ్." ఆయన వెనక్కి తిరిగి, నల్లబడ్డ గిన్నె మీదికి వంగి గాలి పీల్చాడు. "ఔనా" అన్నాడు.

దేశం విడిచి వచ్చేటప్పుడు ఎడారిలో బస్సులో ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం. ఉన్నట్టుండి, "ఏం వాసన వస్తాంది?" అని అడిగాడు. ఆయనకు ఏదో ఒకటి తిరిగి ఇవ్వాలని నా ఆత్రం. "మంచి గాలి సాబ్, దూరంగా యాడో పూలతోట ఉన్నట్టుంది..." అని మొదలుపెట్టాను. "అమ్మద్దు శెట్టీ. చెప్పు." తలదించుకుని చెప్పాను: డీజిలు, చెమట, ముందు సీటులో పాప కక్కుకున్న పాలు, ఎవరో ఒలిచిన నారింజ. నారింజ దగ్గర కళ్లు మూసుకున్నాడు. "అది ఇంకోసారి చెప్పు" అన్నాడు.

తరవాత ఆయన బతికినన్నాళ్లూ రాయచోటి వెళ్తూనే ఉన్నాను. "సాబ్, ఆ పొద్దు నేను..." అని నోరు తెరిచినప్పుడల్లా, "ముందు చాయ్ వాసన ఎట్లుందో చెప్పబ్బీ" అని అడ్డుపడేవాడు. ఆయన నన్ను కాపాడుతున్నాడో, శిక్షిస్తున్నాడో ఈనాటికీ తేల్చుకోలేదు. ఆయన సమాధి మీద ఆఖరి మట్టి వేశాక అందరూ వెళ్లిపోయినా నేను అక్కడే నిలబడి, తడిమట్టి, కర్పూరం, పన్నీరు అని ఒక్కొక్కటే పైకి చెప్పాను. పన్నీరు దగ్గర "బ్రహ్మాండమైన" అని నోటిదాకా వచ్చింది. మింగేశాను. అడ్డుపడే మనిషి లేడు గనక చెప్పాలనుకున్నది ఇప్పుడైనా చెప్పొచ్చనుకున్నాను. "సాబ్, ఆ పొద్దు నేను..." అని మొదలుపెట్టి, మళ్లీ తడిమట్టి, కర్పూరం దగ్గరికే వచ్చాను.