సూచన: మామూలుదే

లేదు, కాదు, రాదు అనే మూడు మాటలు మా వైపు నిఘంటువుల్లో ఉంటాయి గానీ నోట్లో ఉండవు. పెళ్లికి రమ్మంటే ఆయ్ అంటాం, వెళ్లం. గట్టు తగాదా సంగతి రేపు తేల్చుకుందామంటే ఆయ్ అంటాం, తేల్చుకోం. ఎదుటి మనిషి మొహం చిన్నబోకూడదు, అంతే. ఈ మర్యాద మనుషులతో సరిపెట్టుకుని ఉంటే బాగుండేది. నేను దాన్ని కంప్యూటర్ దగ్గర కూడా చూపించాను.

ముప్పై ఏళ్లు రాజోలు చుట్టుపక్కల బళ్లలో లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. మా వీధిలో మొట్టమొదట ప్రింటరు కొన్నది నేనే కాబట్టి, కంప్యూటర్ల సంగతి నాకే తెలుసని ఊరు తీర్మానించింది. నేనూ కాదనలేదు. ఆ పేరు నిలబెట్టుకోవడానికే ఒక హార్డ్ డిస్కు కొన్నాను. అరచేతిలో పట్టే నల్లటి డబ్బా. మా ఆవిడ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. తీగ గుచ్చే కన్నంలోకి పసుపు పోతే తగలడిపోతుందని నేను ఇల్లెగిరిపోయేలా కేకలేశాను. పాపం, పసుపు వల్ల దానికి ఏమీ కాలేదు. అయిందంతా నా వల్లే.

మొదటిసారి తగిలించగానే అది ఎంతో వినయంగా ఒక్కొక్కటే అడగడం మొదలెట్టింది. రక్షణ పెట్టమంటారా? ఆయ్. పాస్‌వర్డ్ ఇస్తారా? ఆయ్. ఈ కంప్యూటర్లో మటుకు అడక్కుండా తెరుచుకోమంటారా? అంతకంటేనా. వద్దు అనే బొత్తం ప్రతిసారీ పక్కనే ఉంది. అంత మర్యాదగా అడిగినదాన్ని పట్టుకుని వద్దని ఎలా అంటాం? చివర్లో, పాస్‌వర్డ్ మరిచిపోతే గుర్తు రావడానికి ఒక సూచన రాసుకోమంది. నాకు ఒళ్లు మండింది. ఇరవై అయిదో ఎక్కం దాకా నిద్రలో అప్పజెప్పే మనిషికి సూచనా! “మామూలుదే” అని రాసి పారేశాను.

అప్పటికి మా అన్నయ్య పోయి నాలుగు నెలలు. వదిన ఉండేది మా వెనక వీధిలోనే. ఫోను నిండిపోయి కొత్త ఫోటో ఒక్కటీ పడటం లేదని ఆవిడ నా దగ్గరికి తెచ్చింది. అందులోని ఫోటోలూ వీడియోలూ అన్నీ డబ్బాలోకి ఎక్కించాను. ఎక్కాయని నిర్ధారించుకుని ఫోన్లోవి తుడిచేశాను. ఇంక వీటికి ఢోకా లేదు వదినగారూ, ఇనప్పెట్టెలో పెట్టినట్టే అన్నాను. నేను చెప్పినవాటిలో ఆ ఒక్కటే అక్షరాలా జరిగింది.

వాటిలో ఒకటి ఆవిడ స్కూటీ నేర్చుకున్నప్పటి వీడియో. యాభై దాటాక నేర్చుకుంది, అన్నయ్య పట్టుబట్టి నేర్పించాడు. కాలవగట్టు మీద ఆవిడ నడుపుతుంటే, వెనక పరిగెడుతూ ఆవిడ ఫోనుతోనే తీశాడు. ఎవరికీ పంపలేదు. అందులో అన్నయ్య కనిపించడు, గొంతు మటుకే వినిపిస్తుంది. బ్రేకు బ్రేకు అని అరుపులు, ఆయాసం, నవ్వు. చివర్లో బండి దారిన పడి దూరంగా పోతుంటే ఏదో ఒక మాట అన్నాడట. ఎన్నిసార్లు విన్నా బండి మోతలో ఆవిడకి తెలిసింది కాదు. బతికుండగా అడిగితే, ఏమో గుర్తులేదు పో అని నవ్వేశాడట. సంవత్సరీకం లోపల ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిదానంగా విని, ఆ మాటేదో పట్టుకోవాలని ఆవిడ ఆశ. ఆ ఒక్కటీ మళ్లీ నా ఫోన్లో వేసి పెట్టండి మరిదిగారూ అని అడిగింది. ఆయ్, రేపే వేసేస్తాను అన్నాను.

ఆ రాత్రే గాలివాన. కరెంటు మూడుసార్లు పోయి నాలుగోసారి పిడుగులా వచ్చింది, నా కంప్యూటర్లోంచి మాడిన వాసన వచ్చింది. పోతే పోయింది, డబ్బా ఉందిగా అని మరో కంప్యూటర్ కొని దానికి తగిలించాను. అన్నాళ్లూ నన్ను ఒక్క మాట అడగని డబ్బా, పాస్‌వర్డ్ ఏమిటంది. సూచన చూపించమంటే “మామూలుదే” అని చూపించింది.

నాకు తెలిసిన మామూళ్లన్నీ కొట్టాను. ఐదుసార్లు తప్పితే ఇంక చాలంటుంది, తీగ పీకి మళ్లీ గుచ్చితే మరో ఐదు ఇస్తుంది. అదీ కాకపోతే, లోపలున్నదంతా చెరిపేసి కొత్తగా వాడుకోండని సలహా ఇస్తుంది. నా సొమ్ముతో కొన్న డబ్బా నన్ను కొబ్బరికాయల దొంగని చూసినట్టు చూసింది. పుట్టినరోజులు, పనిచేసిన బళ్ల పేర్లు, బండి నంబర్లు, అంతర్వేది స్వామి పేరు పెద్దక్షరాల్లో ఒకసారి, చిన్నక్షరాల్లో ఒకసారి. వారం గడిచింది. మీ మామూలేదో ఎవరికి తెలుస్తుందండీ, కాఫీలో పంచదారే రోజుకో మామూలు మీకు అని మా ఆవిడ తేల్చేసింది. వదిన ఫోన్లో తుడిచినవి వెనక్కి వస్తాయేమోనని రెండు మూడు షాపుల్లో చూపించాను. వాటి మీద కొత్తవి ఎక్కేశాయి, రావన్నట్టు తల ఊపారు. నోటితో మటుకు అనలేదు.

రాజోలులో ఫోన్లు బాగుచేసే ఆయన డబ్బాని అటూ ఇటూ తిప్పి చూసి, ఆయ్, సాయంత్రానికి ఇచ్చేస్తానండి అన్నాడు. అలాంటి సాయంత్రాలు పదకొండు గడిచాయి. పన్నెండో సాయంత్రం వెళ్తే టీ తెప్పించాడు, తన వల్ల కాదని అప్పుడు అర్థమైంది. అమలాపురంలో పెద్ద షాపాయన మా ఊరి అల్లుడని తేలింది, దాంతో మర్యాద ఇంకా ముదిరింది. ఉంచి వెళ్లండి మాస్టారూ, అదెంతసేపు అన్నాడు. నెల్లాళ్లు ఉంచాను. చివరికి తెలిసిందేమిటంటే, ఆయన దాన్ని కవరులోంచి తీయనే లేదు. మొదటిరోజే తెలిసిందట తన వల్ల కాదని, చెబితే మాస్టారు బాధపడతారని ఊరుకున్నాడట. దారి పొడుగునా వాణ్ణి తిట్టుకుంటూ వచ్చి, గుమ్మంలో కనబడ్డ వదినతో ఏమన్నాను? అమలాపురంలో చూస్తున్నారు, రేపో ఎల్లుండో వచ్చేస్తుంది అన్నాను.

ఆవిడ రోజూ పొద్దున్న పాలకి వెళ్లి వస్తూ మా గుమ్మం దగ్గర ఆగేది. అడిగేది కాదు, ఆగేదంతే. రేపు వదినగారూ అని నేనే అనేవాణ్ణి. ఆయ్ అని వెళ్లిపోయేది. కొత్త ఇయర్‌ఫోన్లు కొనుక్కుని ఉంచుకుందని మా ఆవిడ చెప్పింది. ఇలా మూడు నెలలు జరిగింది.

కొత్తపేటలో ఇంకొకాయన ఉన్నాడని విన్నాను. పనిమంతుడే గానీ మనిషి మంచివాడు కాదు, మొహమ్మీదే చెప్పేస్తాడని అందరూ భయపెట్టారు. షాపులో ఆయన తప్ప ఒక్క మనిషి లేడు. ఆయన డబ్బాని తగిలించి చూసి, తీగ పీకి నా చేతిలో పెట్టాడు.

“రాదండి. తాళం పైపైన లేదు, లోపల ప్రతి ముక్కకీ వేసేసుంది. మీకు గుర్తొస్తే వస్తుంది, లేపోతే ఎవరి వల్లా కాదు. మీరు తిరక్కండి ఇంక.”

పొగరుబోతు అని తిట్టుకుంటూ బస్సెక్కాను. మూడు నెలల్లో నాకు నిజం చెప్పినవాడు ఈయనొక్కడే అని ఒప్పుకోవడానికి మా ఊరు వచ్చేదాకా పట్టింది.

తిన్నగా వదిన ఇంటికే వెళ్లాను. ఆవిడ అరుగు మీద కూర్చుని గోరుచిక్కుళ్ల ఈనెలు తీస్తోంది. కూర్చుంటే మళ్లీ రేపు అనేస్తానని భయం వేసి, నిలబడే చెప్పాను. ఆ వీడియో రాదనీ, ఇంకెప్పటికీ రాదనీ, తప్పంతా నాదేననీ.

ఆవిడ చేతులాగాయి. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు, గొంతు కూడా పెంచలేదు.

“మీ అన్నయ్యగారు ఒక్కసారే వెళ్లిపోయేరండీ. మీరేమో మూణ్ణెల్ల నుంచీ రోజూ పొద్దున్నే, రేపొస్తారు రేపొస్తారు అంటున్నారు.”

నాకు సిగ్గేసింది. జీవితంలో అంత సిగ్గు ఎప్పుడూ పడలేదు. ఆవిడ మళ్లీ ఒక గోరుచిక్కుడు చేతిలోకి తీసుకుంది.

“పోనీలెండి. ఎక్కించేటప్పుడు మీరు చూసే ఉంటారు కదా. ఆఖర్న ఏమన్నారండీ?”

జాగ్రత్తగా వెళ్లవే అన్నాడని చెప్పొచ్చు. భలే నడుపుతున్నావే అన్నాడని చెప్పొచ్చు. రెండూ అన్నయ్య అనే మాటలే. ఏది చెప్పినా ఆవిడ నమ్మేది, ఇద్దరికీ తేలికగా ఉండేది. నాలుక చివరి దాకా వచ్చాయి రెండూ. కానీ ఆ రోజు నేను అన్నీ ఒక్క దెబ్బన ఎక్కించి, ఫోన్లో ఎన్ని ఉన్నాయి, డబ్బాలో ఎన్ని పడ్డాయి, లెక్క సరిపోయిందా అని మాత్రమే చూసుకున్నాను. ఒక్కటి కూడా తెరవలేదు.

“చూడలేదు వదినగారూ” అన్నాను.