గాజుపోగుల వెలుగులో శాంతమ్మ

సహోదరులారా, ఆ చలికాలం మా ఇల్లు ఎంత భయంలో గడిచిందో ఆ దేవునికే తెలుసు! నా భార్య శాంతమ్మ తిన్నది నిలవక, నడుం వంగిపోయి, ఒకనాడు నెత్తురు కక్కుకుంది. పోచంపల్లిలో ఆమెది చిటికీ కట్టే పని, అంటే నూలుకు రంగు వేయకముందు దారంతో బిగించి ముడులు వేయడం, రంగయ్యాక వాటిని విప్పడం. నేను దినపత్రికకు వార్తలు రాస్తాను. ఊరివాళ్ల చావులు ఎన్నో రాసిన నేను ఆ రోజు ఆమెను పట్టుకుని బస్సెక్కాను.

హైదరాబాదు దవాఖానలో ఎక్స్‌రే తీసి, లోపల నీడ ఉంది, కంతే కావచ్చు, సోమవారం కోసి కడుపు చాలావరకు తీసేయాలన్నారు. "బతుకుతదా సార్?" అంటే పెద్ద డాక్టరు సంతకం పెట్టమని కాగితం నా ముందుకు జరిపాడు. వరండాలో మోకరించి, "తండ్రీ, మాకు కండ్లు చాలవు, లోపల ఏముందో నువ్వే చూపించు" అని ఏడ్చాను.

శనివారం ఇంకో డాక్టరు వచ్చి, విదేశం నుంచి వచ్చిన కొత్త గొట్టంతో ముందు చూద్దామన్నాడు. అందులో వెంట్రుకకన్నా సన్నని గాజుపోగులు వేలకొద్దీ ఉంటాయట; కొన్ని లోపలికి వెలుగు తీసుకుపోతాయి, మిగతావి ఒక్కొక్కటి ఒక్కో చుక్కను బయటికి తెస్తే అవన్నీ కలిసి బొమ్మవుతుందట, వరుస తప్పితే బొమ్మ చెదురుతుందట. మగ్గం మీద మా నూలు జరిగితే చీరలో పువ్వు చెదిరినట్టే! శాంతమ్మ గొట్టం మింగుతూ నా వేళ్లు నలిపేసింది. డాక్టరు కన్ను ఆనించి గొట్టాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"కంతి తీరుగ లేదు. నారలు నారలుగ ఉంది, ఎర్రగ, నల్లగ. నువ్వొకసారి చూడు."

చూశాను. "సార్, గిది నూలు! మా ఇంటి నూలే!"

గొట్టం తీశాక శాంతమ్మ తల వంచుకుంది. "కత్తెర పెడితే మంచి పోగు తెగుతదని ముడులు పండ్లతోని తెంపిన. మాటిమాటికి లేసి ఉమ్మొస్తే పని సాగుతదా? తెంపిన ముక్కలు మింగిన."

"బువ్వ పెడితే వద్దంటివి, కడుపుల పగ్గం పేనుకున్నవా బిడ్డా!" అని పక్కనే ఉన్న మా అత్త, శాంతమ్మ తల్లి, తిట్టి, కొంగులో ముఖం దాచుకుని ఏడ్చింది.

సోమవారం కడుపు తెరిచి, నిమ్మకాయంత నూలుండ తీసి కుట్టేశారు. దాని రాపిడికే పుండు పడి నెత్తురు వచ్చిందట. కడుపు తీసేయలేదు! దేవునికే మహిమ!

చిటికీ కట్టే అక్కలారా, నవ్వకండి, మీలోనూ మింగేవాళ్లున్నారు! నీడను చూసి చావనుకుని ఇంట్లో కూర్చోకండి. ప్రభువును అడగండి, దవాఖానకూ పోండి, సిగ్గుపడి ఏదీ దాచకండి. ఆయన నమ్మదగినవాడు. నిన్న మధ్యాహ్నం శాంతమ్మ జొన్నరొట్టె తిని, ఇంకొకటి అడిగింది.